ఏడవ నంబరుకు బదిలీ

హుస్నాబాద్,
విశ్వావసు నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ దశమి, గురువారం
(2 అక్టోబరు 2025)

చిరంజీవి కొండల్‌కు మేనమామ హనుమండ్లు దీవించి వ్రాయునది.

ఈనాడు విజయదశమి. మనిషి తన చేతి పనిముట్టుకు ఏడాదికొక్కసారి తలవంచే దినం. నాగలి పట్టినవాడు నాగలికి, కలం పట్టినవాడు కలానికి, త్రాసు పట్టినవాడు త్రాసుకు కుంకుమ పెట్టి, "నీవల్లనే నేను" అని ఒప్పుకునే దినం. ఈ ఏడు ఈ పండుగకు మరొక అర్థం వచ్చి చేరింది. నీవు ఇరవై ఒక్క ఏండ్లుగా పని చేస్తున్న ఆదిలాబాదు జిన్నింగు మిల్లును పాత సేటు అమ్మివేశాడనీ, సోమవారం నుండి హైదరాబాదు కంపెనీ వారు ఏలుకుంటారనీ నా చెల్లె, మీ అవ్వ బాలవ్వ కబురు పంపింది.

రాజ్యం చేతులు మారినప్పుడు కోట తాళాలు మారతాయి, జెండా మారుతుంది. బావిలో నీరు మారదు. గోడలను కొన్నవాడు ఆ గోడల నడుమ గడిచిన నీ ఏండ్లను చెరపలేడు. నేను ముప్పై నాలుగేండ్లు తెలుగు పాఠాలు చెప్పినవాడనే గాని న్యాయవాదిని కాను. అయినా ఇక్కడ కోర్టులో పని చేసి దిగిన ఒక పెద్దమనిషిని అడిగి తెలుసుకున్నాను. యజమాని మారినా పనివాడి సర్వీసు తెగరాదట, షరతులు తగ్గరాదట. తెగితే ముందుగా నోటీసూ, తగిన పరిహారమూ ఇచ్చుకోవాలట.

దీనిని గట్టిగా పట్టుకో. ఇరవై ఏండ్లు పత్తి గింజలు తీసే జిన్ను యంత్రం ముందు నిలబడిన వాణ్ని దూది దుమ్ములోంచి తీసి కాంటా గదిలో కూర్చోబెట్టడం సేటు పెట్టిన కట్టుబాటు. బండ్లు తూచే ఆ గదిలో ఈ పంటకాలం నుండి నీకు కుర్చీ రావాలి. నీ దగ్గు సంగతి బాలవ్వ చెప్పింది. సర్వీసు సున్నా నుండి మొదలైతే కుర్చీ దక్కాలంటే మళ్ళీ ఇరవై ఏండ్లు. నీకిప్పుడు నలభై ఏడు.

నీవు చేరిన ఏడు దసరాకు నేను అక్కడికి వచ్చి, ఆయుధమూ ఆయుధధారీ వేరు కాదని ఒక గడియ ఉపన్యసించి, నీ యంత్రం నొసట ఎర్రరంగుతో "కొండల్, 2004" అని స్వహస్తంతో వ్రాశాను గుర్తుందా? అది చూసి, తరువాతి ఏండ్లలో చేరిన తక్కిన జిన్నుల వారూ తమ పేర్లు, చేరిన ఏడు వ్రాయించుకున్నారు. ఈనాడు ఆ అక్షరాలకు రంగు తప్పక వేయండి. కొత్తవారు చూసి, ఎవరు ఎంతటివారో తెలుసుకుంటారు.

శుభం కోరే మామ,
హనుమండ్లు


ఆదిలాబాద్,
14 అక్టోబరు 2025

పూజ్యులైన మామకు కొండల్ నమస్కరించి రాయునది.

అందరం బాగున్నాం. మీకు ఫోన్‌లో వినపడదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. బెత్తం పట్టి మీరు నేర్పిన పుస్తకాల భాషలోనే రాస్తాను. మాట్లాడినవాళ్ల మాటలు మాత్రం మాట్లాడినట్టే రాస్తే తప్పు పట్టకండి.

కంపెనీ వాళ్లు వచ్చి రెండు రోజులు మిల్లంతా రాసుకున్నారు. బేళ్లు కట్టే ప్రెస్సులో, యార్డులో పని చేసే ఇరవై ఎనిమిది మందిని ఆఫీసుకు పిలిచి ఒక కాగితం మీద సంతకాలు తీసుకున్నారు. "నేటినుంచి కొత్తగా ఉద్యోగంలో చేరుతున్నాను" అని దాని మీద ఉందట. మా జిన్నుల దగ్గరి పన్నెండు మందిని పిలవలేదు. ఎందుకో తెలియదు.

కానీ మర్యాదకు లోటు లేదు. స్టోరు మనిషి వచ్చి ఒక్కొక్కరి మెడలో ఇత్తడి బిళ్ళ వేసిపోయాడు. నా బిళ్ళ మీద "07" అని ఉంది. తలా అర లీటరు నూనె ఇచ్చారు. ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి ఫోటోలు తీశారు. కాంటా గది మున్షీ రహీమ్ మీకు తెలుసు కదా, మా హాజరు పట్టీ రాసేది కూడా ఆయనే. ఆయన చూసి, "అరే కొండల్, ముప్పయ్యేండ్ల సంది నా ఫోటో ఒక్కడు తియ్యలే. నీకు నాలుగు దిక్కులకెళ్లి తీసిండ్రు. పెద్దోనివైనవ్ పో" అన్నాడు.

కుర్చీ సంగతి అడగడానికి ఆఫీసులో కొత్తగా వచ్చిన అలేఖ్య మేడం దగ్గరికి పోయాను. నా బిడ్డ సృజన ఈడు పిల్ల. నా బిళ్ళ చూసి కంప్యూటర్ చూసింది. "జర ఆగండి అంకుల్, మీ వివరాలు వేరే దాంట్ల ఉన్నయి" అన్నది.

సృజన ఐటీఐ చదువు అయిపోయింది. అదే మిల్లులో పని చూడమంటున్నది. అవ్వ మీ మోకాళ్లు ఎట్లున్నాయని అడుగుతున్నది.

మీ అల్లుడు,
కొండల్


హుస్నాబాద్,
16 అక్టోబరు 2025

చిరంజీవి కొండల్‌కు ఆశీస్సులు.

నీ లేఖ చదివి నా కన్నులు చెమర్చాయి. ఈ కాలపు వ్యాపారులకు ప్రాచీన మర్యాదలు తెలియవని తలచినందుకు సిగ్గుపడుతున్నాను. ఆస్థానంలో నమ్మకమైన భటునికి లోహపు బిళ్ళ ఇచ్చుట పూర్వాచారం. నలువైపుల నుండి రూపం చిత్రించుట దేవతలకూ రాజులకూ జరిగే సత్కారం. నరక చతుర్దశి ముందు యజమాని పనివారికి అభ్యంగనానికి నూనె పంపుట ఎంత గొప్ప సంప్రదాయమో ఈనాడు ఎందరికి తెలుసు?

తక్కినవారితో సంతకాలు పెట్టించుకొని మీ పన్నెండుగురిని విడిచారంటే, మిమ్మల్ని పెద్దలుగా వేరు చేశారని స్పష్టం. తొందరపడి కుర్చీ అడిగి నీ మర్యాదను నీవే తగ్గించుకోకు. చతుర్దశి నాడు సూర్యోదయానికి ముందే ఆ నూనెను నడినెత్తికి బాగా మర్దించుకొని స్నానం చెయ్యి. తొలి చుక్క బాలవ్వ చేత పెట్టించుకో.

కంపెనీ వారికి కృతజ్ఞతాపత్రం నేనే నేరుగా పంపాను. "మా కొండల్‌కు బిళ్ళ కట్టి, నూనె ఇచ్చి, 2004 నాటి నుండి చెడకుండా నడుస్తున్నవాడని గుర్తించి భద్రంగా చూసుకుంటున్నందుకు ధన్యులము" అని అందులో వ్రాశాను.

మోకాళ్ళు ఉన్నవి. అంతకంటె వాటిని గూర్చి చెప్పదగినది లేదు.

మామ,
హనుమండ్లు


ఆదిలాబాద్,
9 నవంబరు 2025

మామకు నమస్కారాలు.

ఆ నూనె యంత్రాల గేర్లకు పోసేది. మూడు రోజులు కుంకుడుకాయలతో రుద్దినా పోలేదు. తొలి చుక్క పెట్టిన అవ్వ చెయ్యి కూడా వారం రోజులు నల్లగానే ఉంది. అవ్వ ఏమన్నదో రాయొద్దనుకున్నాను, రాసేదాకా ఊరుకోలేదు. "మీ మామకు చదువు ముదిరి వాసన తెలుస్తలేదు. నాకు దొరికితే గదే నూనె ఆయన మోకాళ్లకు రాస్త" అన్నది.

అసలు సంగతి నిన్న తెలిసింది. అలేఖ్య మేడం కంప్యూటర్ తిప్పి చూపించింది. మామా, ఆ లెక్కలో నేను మనిషిని కాను, యంత్రాన్ని. ఏడవ నంబరు యంత్రం మనిషి.

ఎట్లా అయిందంటే, సామాను రాసుకోవడానికి వచ్చినవాళ్లు జిన్నుల మీద ఏ పేరు ఉంటే ఆ పేరు యంత్రం పేరని రాసుకున్నారు. నా యంత్రం మీద మీరు రాసిన "కొండల్, 2004" ఉంది. అట్లా నేను 2004లో కొన్న యంత్రాన్నయ్యాను. మనుషుల కోసం రహీమ్ హాజరు పట్టీ తీసుకుపోయారు. రహీమ్ మొదటి నుంచీ మా పేర్లు రాయడు, జిన్ను నంబర్లే రాస్తాడు. పొద్దున "ఏడొచ్చిండా, ఎనిమిదొచ్చిండా" అనే పిలుస్తాడు. అందుకని ఏడు, ఎనిమిది అనే పేర్లతో పన్నెండు మంది మనుషులు తయారయ్యారు. మాకు బిళ్ళలు, నూనె. యంత్రాలకు ఉద్యోగపత్రాలు. ఫోటోలు తీసింది ఎక్కడెక్కడ తుప్పు పట్టిందో చూడటానికట.

ఇంకొక చిత్రం వినండి. ఆ కొత్త కాగితం మీద సంతకం పెట్టిన ఇరవై ఎనిమిది మందికి సర్వీసు సున్నా నుంచి మొదలు. యంత్రాలు సంతకం పెట్టలేదు కదా. సంతకం పెట్టనివారికి చట్టప్రకారం పాత సర్వీసే సాగుతుందని హెడ్డాఫీసు వకీలు చెప్పాడట. ఏడవ నంబరు పత్రంలో "పాత యజమాని వద్ద చేసిన ఇరవై ఒక్క సంవత్సరాల సర్వీసు, అన్ని సౌకర్యాలతో, యథాతథంగా కొనసాగును" అని ఉంది.

నా ఆధార్ కార్డు చూపించాను. "యంత్రాల పేజీల ఆధార్‌కు గడి లేదు అంకుల్" అన్నది మేడం. చెడ్డపిల్ల కాదు, నాకు చాయ్ తెప్పించింది. "తప్పని నాకు తెలుస్తున్నది. దిద్దాలంటే గా ఉద్యోగే దరఖాస్తు పెట్టుకోవాలె" అన్నది.

"ఏ ఉద్యోగి?" అన్నాను.

"ఏడవ నంబరు."

పైగా నా ఫైలు తీసి మీ ఉత్తరం చూపించింది. "చెడకుండా నడుస్తున్నవాడని మీ మామనే రాసిచ్చిండు కద. మంచి కండిషన్ అని ఎక్కిచ్చిండ్రు" అన్నది.

ఏం చేయమంటారు?

కొండల్


హుస్నాబాద్,
15 నవంబరు 2025

చిరంజీవి కొండల్‌కు.

నా చేతి వ్రాతయే నిన్ను ఇనుములో కలిపింది. బాలవ్వ కోపం న్యాయం. నూనెతో వస్తే మోకాళ్ళు చాచి కూర్చుంటాను.

అయితే విచారించి చూడగా, అలేఖ్య చెప్పిన మార్గం అశాస్త్రీయం కాదు. మన పురాణాలలో పర్వతాలు మాట్లాడాయి, నదులు మొర పెట్టుకున్నాయి. నోరు లేనివాని పక్షాన తెలిసినవాడు విన్నపం చేయవచ్చును. కనుక ఏడవ నంబరు యంత్రం తరఫున దరఖాస్తు నేనే వ్రాసి జతపరుస్తున్నాను. దాని సారం ఇది.

"మహారాజశ్రీ అధికారుల సన్నిధికి. నేను ఏడవ నంబరును. ఇరవై ఒక్క ఏండ్లుగా దూది దుమ్ములో నిలబడి, సెలవు ఎరుగక, జీతం ఆశింపక సేవ చేసితిని. ఇరవై ఏండ్లు నిండినవారిని దుమ్ము లేని కాంటా గదికి మార్చు మర్యాద ఈ మిల్లులో గలదు. అయితే అయ్యలారా, నేను యంత్రమును. నాకు దగ్గు లేదు. నా ఎదుట నిలిచి దగ్గినవాడు కొండల్. నాకు దక్కిన పత్రము వానిదిగా గ్రహించి, నన్ను నా చోటనే ఉండనిండు."

చివర ఒక ఆటవెలది చేర్చాను.

పేరు వ్రాసినంత ప్రేమతో యంత్రమ్ము
మనిషి యగునె? యగును మనసు గలుగ.
లెక్క వ్రాసినంత లేదన్న మనుజుండు
యంత్ర మగునె? గుండె యాగకున్న.

ఇది చదివిన తరువాత కూడా మారని అధికారి ఉండడు.

మామ,
హనుమండ్లు


ఆదిలాబాద్,
12 డిసెంబరు 2025

మామకు నమస్కారాలు.

మీ దరఖాస్తు మంజూరైంది. ఏడవ నంబరును కాంటా గదికి బదిలీ చేశారు.

హెడ్డాఫీసుకు పంపే ఫారంలో కారణం రాయడానికి కొంచెమే చోటు ఉందట. మీరు రాసిన మొదటి నాలుగు వాక్యాలు పట్టాయి. "అయితే అయ్యలారా" దగ్గర నిండిపోయింది. పద్యం అసలే ఎక్కలేదు. ఇరవై ఒక్క ఏండ్ల సర్వీసు, దుమ్ములో పని, ఒక్క సెలవు పెట్టలేదు అని చూసి, ఇట్లాంటి ఉద్యోగి ఇంకొకడు లేడని వెంటనే ఒప్పుకున్నారు.

కాంటా గది గోడ పగలగొట్టి, క్రేనుతో యంత్రాన్ని లోపల దింపి, మళ్లీ గోడ కట్టారు. నియమం ప్రకారం దాని ముందు ఒక కుర్చీ, మంచినీళ్ల కుండ పెట్టారు. ఆ కుర్చీ నాది కావాల్సింది మామా. రహీమ్ రోజూ పొద్దున దానికి సలాం చెప్పి కూర్చుంటున్నాడు. "నీకంటె నయం రా. రాజకీయాలు మాట్లాడది, నా చాయ్ తాగది" అంటున్నాడు.

నవ్వి ఊరుకుందునేమో. కానీ ఇరవై ఏండ్లు దాటిన యంత్రాలను పాత ఇనుము కింద అమ్మేయాలని కంపెనీ నియమం. ఆ జాబితాలో ఒకటే పేరు ఉంది. కొండల్, 2004. జనవరి ఇరవైన వేలం.

పాత ఇనుము కొనే వ్యాపారి నిర్మల్ నుంచి చూడటానికి వచ్చాడు. కాగితం ప్రకారం తూకం వేయక తప్పదని నన్ను కాంటా మీద నిలబెట్టారు. బండ్లు తూచే కాంటా కదా, నా బరువుకు ముల్లు సరిగ్గా కదలలేదు. రహీమ్ కండ్లద్దాలు పెట్టుకుని చూసి, "అరవై కిలోలు. పత్తి లెక్కనైతే తేమ కింద నాలుగు కిలోలు తీసెయ్యాలె" అన్నాడు. వ్యాపారి నా చుట్టూ తిరిగి, "దీంట్ల ఇనుమేడుంది సేటు?" అని నన్నే అడిగి వెళ్లిపోయాడు.

అవ్వకు చెప్తే, "కొనేటోన్ని ఇంటికి రమ్మను. తిండి ఖర్చు ఎంతైతదో నేను చెప్త" అన్నది. తరువాత కొంగు నోట్లో పెట్టుకుని లోపలికి పోయింది.

నన్ను ఎవరో కొనుక్కుపోతారని భయం లేదు. ఆ రోజు కాగితం మీద కొండల్ అనేవాడు ఈ మిల్లు గేటు దాటిపోతాడు. వాడి వెంట ఇరవై ఒక్క ఏండ్లు పోతాయి. మరునాడు నేను పోతే, "ఎవరు నువ్వు" అంటారు. మళ్లీ ఒకటో రోజు నుంచి జిన్ను ముందు నిలబడాలి. ఈ మధ్య దగ్గితే పక్కటెముకలు నొస్తున్నాయి.

దయచేసి మీరు కంపెనీకి ఇంకేమీ రాయకండి.

కొండల్


హుస్నాబాద్,
18 డిసెంబరు 2025

చిరంజీవి కొండల్‌కు.

నీ చివరి వాక్యం ఏడు మార్లు చదివాను. పాటిస్తాను. ఈసారి కంపెనీకి వ్రాయను, నీకే వ్రాస్తాను. అలంకారాలు లేకుండా వ్రాస్తాను, అది నాకు ఎంత కష్టమో నీకు తెలుసు.

మనం ఇంతవరకు చేసిన తప్పు ఒక్కటే. నీవు మనిషివని ఋజువు చేయబోయాము. అది మనం చేయవలసిన పని కాదు. నీ ఉత్తరాలన్నీ వరుసగా పెట్టుకొని మళ్ళీ చదివాను. యజమాని మారినా సర్వీసు తెగకుండా సాగుతుందని, సౌకర్యాలు తగ్గవని, ఇరవై ఏండ్ల వానికి కాంటా గది దక్కుతుందని కంపెనీ వారే ముద్ర వేసి వ్రాసి ఇచ్చారు. పైగా గోడ పగలగొట్టి మరీ అమలు చేశారు. ఎవరికి ఇచ్చారన్నది వారి పొరపాటు. ఇచ్చారన్నది మన ఆధారం.

కనుక, అక్కడ కార్మిక శాఖ అధికారిణి ఒకరున్నారని విన్నాను, నీవు ఆమె వద్దకు పో. వాదించకు. ఏడవ నంబరు ఉద్యోగపత్రం నకలు, బదిలీ ఉత్తర్వు, వేలం జాబితా, రహీమ్ హాజరు పట్టీ ఆమె ముందు పెట్టు. ఒక్కటే అడుగు. "అమ్మా, ఈ పత్రాలలో ఉన్న పనివాణ్ని పిలిపించండి. వాడు వచ్చి నిలబడితే నేను ఇనుముగా వేలానికి పోతాను."

తక్కిన పదకొండుగురినీ వెంట తీసుకుపో. సంతకాలు పెట్టి సర్వీసు పోగొట్టుకున్న ఆ ఇరవై ఎనిమిది మందినీ తీసుకుపో. వారిని విడిచి నీవొక్కడివే గట్టెక్కితే నేను మెచ్చను.

మామ,
హనుమండ్లు


ఆదిలాబాద్,
10 జనవరి 2026

మామకు సాష్టాంగ నమస్కారాలు.

మీరు చెప్పినట్టే నలభై మందిమి పోయాం. కార్మిక అధికారి పేరు మమతారాణి. కాగితాలన్నీ రెండుసార్లు చదివి, తేదీ ఇచ్చి, నిన్న స్వయంగా మిల్లుకే వచ్చింది. హెడ్డాఫీసు నుంచి వకీలు కూడా వచ్చాడు.

నేను మీ మాట అప్పజెప్పాను. మమతారాణి మేడం వకీలు వైపు తిరిగి, "సరే, గీ ఏడు అనేటాయనను పిలువుండ్రి" అన్నది.

ఆయన అలేఖ్యను చూశాడు. అలేఖ్య నేల చూసింది. "కాంటా గదిల ఉన్నడు మేడం, లేచి రాలేడు" అన్నాడు రహీమ్. "అయితే మనమే పోదాం" అని మేడం లేచింది.

అందరం గది ముందు గుమిగూడాం. యంత్రం మీద మీ ఎర్ర అక్షరాలు. ముందు కుర్చీ, నీళ్ల కుండ. మేడం కుర్చీలో కూర్చోలేదు, దాని ముందు నిలబడి నెమ్మదిగా అడిగింది.

"ఏడుగారూ, మీరు 2004 నుంచి పని చేస్తున్నరా?"

ఎవరూ నవ్వలేదు మామా. నలభై మందిమి దాని జవాబు కోసం నిజంగా చూశాం. బయట పత్తి బండి హారన్ మోగింది, అంతే.

"జవాబు చెప్తలేడు" అన్నది మేడం.

అప్పుడు అలేఖ్య తల ఎత్తింది. వకీలు ఆపేలోపే, "అది మిషన్ మేడం. మాట్లాడది. పని చేసింది గా అంకుల్" అని నన్ను చూపించింది.

"మిషనని మీరే చెప్పిండ్రు, రాసుకుంటున్న" అన్నది మేడం. రాసుకుంది. తరువాత వకీలును అడిగింది. "మరి గీ ఇరవై ఒక్క ఏండ్లు ఎవరివి? మిషన్‌వి కావన్నరు. మీవి కావు, మీరొచ్చి మూడు నెలలే అయింది."

మేడం యార్డు వాళ్ల కాగితాలు తీసింది. "సంతకం పెట్టనోళ్లకు పాత సర్వీసు సాగుతదని మీకు తెలుసు. తెలిసే వీళ్లతోటి పెట్టించిండ్రు. ఏం పోగొట్టుకుంటున్నరో ఒక్కనికన్న చెప్పిండ్రా?" అని అడిగింది. ఓనరు మారినా సర్వీసు తెగదనీ, షరతులు తగ్గవనీ, ఇనుముకు ఇచ్చిన మర్యాద మనుషులకు ఇవ్వనంటే తాను పైకి రాయవలసి వస్తుందనీ చెప్పింది. సాయంత్రానికి ఒప్పందం మీద కంపెనీ సంతకం చేసింది. కొత్త కాగితాలు రద్దు. నలభై మందికీ పాత సర్వీసు, చేరిన రోజు నుంచి. వేలం లేదు.

ఈ రోజు పొద్దున కాంటా గదిలో కూర్చున్నాను. యంత్రాన్ని బయటికి తీయాలంటే మళ్లీ గోడ పగలగొట్టాలి, దానికి బడ్జెట్ లేదన్నారు. అందుకని అది గదిలోనే ఉంది. నేను దాని ముందు, దాని కుర్చీలో. రహీమ్ హాజరు పట్టీ తెరిచి పెన్ను పట్టుకున్నాడు. "అరే, నీ పేరు స్పెల్లింగ్ ఎట్ల రాస్తరు? ఇరవై ఏండ్లల్ల ఒక్కపారి రాయలే" అన్నాడు. చెప్పాను. రాశాడు.

గదిలో దుమ్ము లేదు. దగ్గు వచ్చినప్పుడల్లా చెవులకు కొత్తగా వినపడుతున్నది, లోపల జిన్నుల మోతలో ఇన్నాళ్లూ వినపడలేదు.

ఏడవ చోటుకు కొత్త జిన్ను వస్తున్నది. దాని మీద పని సృజనకు దొరికింది. ముఖానికి గుడ్డ కాదు, సరైన మాస్కు ఇస్తేనే చేరతానని అడిగి ఇప్పించుకుంది. యంత్రం మీద పేరు రాసుకోవాలా వద్దా అని మిమ్మల్ని అడగమన్నది. వద్దని అలేఖ్య మేడం అందరికీ చెప్పింది.

మీ అల్లుడు,
కొండల్


హుస్నాబాద్,
మాఘ శుద్ధ సప్తమి, ఆదివారం
(25 జనవరి 2026)

చిరంజీవి కొండల్‌కు, చిరంజీవి సృజనకు, ఇద్దరికీ కలిపి ఈ లేఖ.

ఈనాడు రథసప్తమి. తన రథం చక్రాన్ని సూర్యుడు ఉత్తరానికి తిప్పుకునే దినమని పెద్దలు చెప్తారు. ఎంత గొప్ప రథమైనా వెలుగు ఇచ్చేది రథం కాదని ఈ ఏడు నాకు కొత్తగా తెలిసింది.

కొండల్, ఆ యంత్రాన్ని గదిలోంచి తీయనందుకు చింతించకు. అది నీ కుర్చీ కొరకు నీకంటె ముందే పోయి చోటు పట్టి ఉంచింది. వచ్చే దసరాకు దానికీ ఒక కుంకుమ బొట్టు పెట్టు. నూనె మాత్రం దానికే ఇవ్వు.

బాలవ్వతో చెప్పు, శిక్షకు సిద్ధంగా ఉన్నానని. వచ్చే ఆదివారం బస్సుకు వస్తున్నాను.

అమ్మా సృజనా, నీ ప్రశ్నకు పది దినాలు ఆలోచించాను. పేరు వ్రాసుకో. చేతితో తాకిన దానిమీద పేరు ఉండాలన్న నా మాటను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాని ముందు హాజరు పట్టీలో వ్రాయించుకో, ఆ వ్రాసింది నీ కళ్ళతో చూసుకో. నీ నియామకపత్రం చివరి అక్షరం దాకా చదివి, అర్థమైన తరువాతే సంతకం పెట్టు. ఆ తరువాత రంగు డబ్బా తెరిచి యంత్రం మీద వ్రాసుకో. ఈసారి "యంత్రం పక్కన నిలిచిన మనిషి పేరు" అని పైన ఒక పంక్తి చేర్చు. చదివేవాడు ఎంతటి తొందరలో ఉన్నా పొరబడకుండా.

నీవు నిలబడే చోట గాలి తేటగా ఉండుగాక. ఆ మిల్లు ఎన్ని చేతులు మారినా నీ దినాలు నీవిగానే ఉండుగాక. నీ తరువాత ఆ ఏడవ చోట నిలిచే వారికి, వారి తరువాతి వారికి, పొద్దున హాజరు పిలిచే గొంతు నంబరుతో గాక పేరుతో పిలుచుగాక.

మీ మామ, తాత,
హనుమండ్లు